గ్యారంటీ లేని సాఫ్ట్‌వేరుకు పూచీ ఎవరిది?

1978లో ఐబీఎం మన దేశం విడిచి వెళ్ళింది. విదేశీ కంపెనీలు ఇక్కడి తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న నిబంధనకు ఆ సంస్థ ఒప్పుకోలేదు. కంపెనీ వెళ్ళిపోయినా దాని యంత్రాలు ఎన్నో కార్యాలయాల్లో ఉండిపోయాయి. వాటి బాగోగులు చూసే పనిని 1975లో పుట్టిన ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ తలకెత్తుకుంది. సీఎంసీ అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తే. ఆ సంస్థ పరిశోధన కేంద్రం తర్వాత సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో వెలిసింది. తయారుచేసినవాడు వదిలేసిన యంత్రాన్ని ఎవరు నడిపిస్తారు అన్న ప్రశ్నకు మన దేశం అప్పుడు ఇచ్చిన జవాబు సీఎంసీ.

సాఫ్ట్‌వేరు విషయంలో ఇదే ప్రశ్న రోజూ ఎదురవుతుంది. రైల్వే రిజర్వేషన్ల వ్యవస్థ 'కాన్సర్ట్'ను 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమర్చారు. టికెట్ కౌంటరు ఒక్క పూట ఆగితే వేలమంది ప్రయాణం తలకిందులవుతుంది. అలాంటి వ్యవస్థకు జీతాలు తీసుకునే బృందం, రాతకోతలతో సేవా ఒప్పందం, అర్ధరాత్రి అయినా పలికే ఫోను తప్పనిసరి. సరిగ్గా అదే కాలంలో యునిక్స్ వర్క్‌స్టేషన్ల లోకంలో ఇంకో రకం సాఫ్ట్‌వేరు చేతులు మారుతూ తిరిగేది. ఎవరో రాశారు, అందరికీ ఇచ్చేశారు. ధర లేదు, గ్యారంటీ లేదు, పాడైతే అడిగే చిరునామా లేదు. మూలం మాత్రం మొత్తం మీ చేతికి వస్తుంది. ఈనాటి ఇంటర్నెట్ పునాదుల్లో చాలా భాగం ఆ రాళ్ళతో కట్టిందే. అలాంటి ప్రోగ్రామును ఎలా వెతకాలి, ఎలా అమర్చాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది ఈ వ్యాసం విషయం. నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: మూలం మన దగ్గరుంటే పూచీ తీసుకునే శక్తి కూడా మన దగ్గరే ఉంటుంది. ఆ శక్తిని వాడుకోవడం నేర్చుకోవాలి.

పబ్లిక్ డొమైన్ అంటే ఎంతవరకు?

ఎవరి కాపీరైటూ లేని ప్రోగ్రాము పబ్లిక్ డొమైన్‌లో ఉన్నట్టు. మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. రాసినవారు కన్నుమూశాక మరో 60 ఏళ్ళు హక్కు నిలిచి ఉంటుంది. కంప్యూటర్ల వయసే అంత లేదు కాబట్టి గడువు తీరి అందరి సొత్తయిన ప్రోగ్రాము దాదాపు దొరకదు. రాసినవారు తమంతట తాము హక్కు వదులుకోవాలి. అందుకు చట్టంలో 21వ సెక్షన్ ఉంది. కాపీరైట్ల రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వవచ్చు. 2012 సవరణ తర్వాత బహిరంగ ప్రకటన చేసినా సరిపోతుంది. అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగులు విధి నిర్వహణలో రాసిన ప్రోగ్రాములకు ఆ దేశంలో అసలు కాపీరైటే ఉండదు.

ఇలా వచ్చినవి చిన్నా చితకా వస్తువులు కావు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధన సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేరును పబ్లిక్ డొమైన్‌లో పెట్టింది. వెబ్ ఇంత వేగంగా పాకడానికి ఆ ఒక్క కాగితం పెద్ద కారణం. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉంది. అది పబ్లిక్ డొమైన్. ప్రపంచంలోని టైమ్‌జోన్ల పట్టిక కూడా అంతే. భారత కాలమానం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందని మన ఫోన్లు ఆ పట్టికను చూసే తెలుసుకుంటాయి.

అయితే ఉచితంగా దొరికినదంతా పబ్లిక్ డొమైన్ కాదు. కొన్నిటికి కాపీరైటు ఉంటుంది; కొన్ని షరతుల మీద వాడుకోమని, మార్చుకోమని లైసెన్సు ఇస్తారు. లినక్స్ ఆ కోవలోది. మరికొన్ని ఉచితమే గానీ మూలం ఇవ్వరు. ఆ మూడో రకం పాడైతే బాగుచేసే దారి మూసుకుపోయినట్టే. ఇంకొక చిక్కు ఉంది. యునిక్స్‌లో ఫైళ్ళను కుదించే 'కంప్రెస్' ప్రోగ్రామును రాసినవారు 1980ల మధ్యలో పబ్లిక్ డొమైన్‌కు వదిలేశారు. కానీ అది వాడిన ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద అప్పట్లో వేరే సంస్థకు పేటెంటు ఉండేది. కోడు అందరిదీ, ఉపాయం ఒక్కరిదీ అయింది. ఆ తలనొప్పి వదిలించుకోవడానికే 1992లో జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ కలిసి పేటెంట్ల బెడద లేని 'జీజిప్' తెచ్చారు. కాబట్టి ప్రోగ్రాము దొరకగానే మొదట చదవాల్సింది లైసెన్సు ఫైలు.

అప్పట్లో ఎలా దొరికేవి?

1980లలో ఇలాంటి ప్రోగ్రాములు యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లో అక్షరాల రూపంలోనే ప్రచురితమయ్యేవి. పెద్ద ప్రోగ్రామును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో సందేశంగా పంపేవారు. ముక్కలన్నీ వరుసలో పెట్టి నడిపిస్తే ఫైళ్ళు వాటంతట అవే విడివడేలా 'షార్' అనే కట్టు కట్టేవారు. కుదించిన ఫైళ్ళు అక్షరాలు కావు కాబట్టి ఈమెయిల్లో చెడిపోయేవి. వాటిని 'యూయూఎన్‌కోడ్'తో అక్షరాలుగా మార్చేవారు. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. అంటే ఫైలు మూడో వంతుకు పైగా ఉబ్బేది. సన్నని టెలిఫోను లైన్ల మీద ఆ మూడో వంతూ భారమే.

తర్వాత అనామక ఎఫ్‌టీపీ వచ్చింది. ఖాతా లేకపోయినా ఎవరైనా సర్వర్లోకి వెళ్ళి ఫైళ్ళు తెచ్చుకోవచ్చు. ఏ సర్వర్లో ఏముందో తెలియడమే కష్టమయింది. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్టేజ్ రూపొందించిన 'ఆర్చీ' ఆ కొరత తీర్చింది. అది ఎఫ్‌టీపీ సర్వర్లలోని ఫైళ్ళ పేర్లన్నీ పోగుచేసి సూచిక కట్టేది. ఫైలు లోపల ఏముందో దానికి తెలియదు. పేరు తెలిస్తేనే దొరుకుతుంది. అందుకే ఆ రోజుల్లో ప్రోగ్రాముకు మంచి పేరు పెట్టడం కూడా నైపుణ్యమే.

మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ మొదట ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్సీ వంటి కొద్ది సంస్థలనే కలిపింది. ప్రజలకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, అదీ మొదట నాలుగు మహానగరాల్లోనే. నేరుగా ఎఫ్‌టీపీ అందుబాటు లేనివారికి ఈమెయిలు ఉంటే చాలు, పని జరిగేది. ఫలానా ఫైలు కావాలని ఒక చిరునామాకు ఉత్తరం రాస్తే, అక్కడి యంత్రం దాన్ని తెచ్చి ముక్కలుగా పంపేది.

తెలుగు అలా వచ్చింది

కంప్యూటర్ తెర మీద తెలుగు కనబడటానికి ఇలాంటి సాఫ్ట్‌వేరు చేసిన మేలు చాలామందికి తెలియదు. 1990ల తొలి ఏళ్ళలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగువారి ముందు యునిక్స్ వర్క్‌స్టేషన్లు ఉండేవి. వాటిలో తెలుగు లేదు. అమ్మే కంపెనీకి ఆ అవసరమూ లేదు. యూనికోడ్ మొదటి కూర్పు 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, అది నిజంగా యంత్రాల్లోకి దిగడానికి మరో దశాబ్దం పట్టింది.

ఆ ఖాళీని వాళ్ళే పూడ్చుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక కట్టుబాటు ఏర్పరిచారు. అదే ఆర్‌టీఎస్. అందులో చిన్న 'టి' రాస్తే త, పెద్ద 'టి' రాస్తే ట; చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. ఏ నెట్‌వర్కులోనైనా చెక్కుచెదరకుండా వెళ్ళే మామూలు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి తెలుగు న్యూస్‌గ్రూపులో కవిత్వం, వాదోపవాదాలు అన్నీ ఇందులోనే సాగాయి. ఆ రాతను మళ్ళీ తెలుగు లిపిలోకి మార్చడానికి 'రిట్' అనే ప్రోగ్రాము రాశారు.

అచ్చు వేయాలంటే అక్షర రూపాలు కావాలి. ముక్కవిల్లి వారి 'తెలుగుటెక్' ఆ పని చేసింది. డొనాల్డ్ నూత్ తన టెక్ అచ్చు వ్యవస్థకు తోడుగా తయారుచేసిన 'మెటాఫాంట్' భాషలో తెలుగు అక్షరాలను గీశారు. మెటాఫాంట్‌లో అక్షరం బొమ్మ కాదు, గణితం. కలం ఏ బిందువు నుంచి బయలుదేరి ఏ వంపు తిరిగి ఎక్కడ ఆగాలో సమీకరణాలుగా రాస్తారు. ప్రింటరు అంగుళానికి 300 చుక్కలు వేస్తే అందుకు తగ్గ అచ్చు, 600 వేస్తే అందుకు తగ్గది, అదే వర్ణన నుంచి పుడతాయి. తలకట్టు, గుడి, కొమ్ము, కింద వత్తు ఒకదానికొకటి తగిలీ తగలకుండా అమరే మన లిపికి అది పెద్ద పరీక్ష. అవినాశ్ చోప్డే రూపొందించిన ఐట్రాన్స్ కూడా తెలుగు కోసం ఈ అక్షరాలనే ఆసరా చేసుకుంది.

వీటిలో ప్రతిదీ చట్టరీత్యా పబ్లిక్ డొమైన్ కాదు. అన్నిటి స్వభావం మాత్రం ఒకటే: ఉచితంగా ఇచ్చారు, మూలం ఇచ్చారు, సేవా ఒప్పందం ఇవ్వలేదు. ఆర్‌టీఎస్ తర్వాత ఎంత దూరం వెళ్ళిందో చూడండి. వెన్న నాగార్జున రాసిన 'పద్మ' ఆ కట్టుబాటును యూనికోడ్‌లోకి మార్చగలిగింది. పద్మ కోడు మీద వీవెన్ 'లేఖిని' కట్టారు. 2000ల మధ్య నుంచి తెలుగు బ్లాగులు, తెలుగు వికీపీడియా రాసినవారిలో ఎందరో ఆ లేఖిని పెట్టెలోనే టైపు చేశారు. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పుట్టిన అలవాటు ఊళ్ళోని నెట్ సెంటరు దాకా చేరింది. మధ్యలో ఎవరూ ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు.

దీనికి ఎదురుగా ఇంకో అనుభవం కూడా ఉంది. మన దినపత్రికలు వెబ్ మీద తొలి ఏళ్ళలో తమ సొంత ఫాంట్లతో, సొంత సంకేతాలతో వార్తలు పెట్టాయి. ఆ ఫాంటు లేకపోతే ఆ వార్త అర్థం లేని గుర్తుల మూట. ఏ సంకేతం ఏ అక్షరమో తెలిపే పట్టిక బయటికి రాలేదు. పద్మ వంటి ప్రోగ్రాములు ఒక్కో గుర్తును కంటితో పోల్చి పట్టికలు కట్టుకుని ఆ పాఠాన్ని వెలికి తీయాల్సి వచ్చింది. మూలం తెరిచి ఉంచినదానికీ మూసి ఉంచినదానికీ తేడా ఇక్కడ పూర్తిగా కనిపిస్తుంది.

అమర్చే పద్ధతి

సికింద్రాబాద్‌లో ఓ గదిలో లినక్స్ యంత్రం ముందు కూర్చున్న విద్యార్థి పాతికేళ్ళ కిందటి ప్రోగ్రాము ఒకటి తెచ్చుకున్నాడనుకుందాం. డెబియన్ వంటి పంపిణీలో అది ముందే సిద్ధంగా ఉందేమో చూడటం మొదటి పని. అక్కడ ఉంటే ఒకరు దాని లైసెన్సు చూశారు, కంపైల్ చేశారు, లోపాలు దిద్దారు. తెలుగు ఫాంట్లు పోతన, వేమన అలాగే అక్కడ దొరుకుతాయి. లేకపోతే మూలం నుంచి అమర్చుకోవాలి.

మూటను విప్పేముందు కొత్త డైరెక్టరీ చేసుకుని, లోపల ఏమేం ఉన్నాయో 'టార్'తో జాబితా చూడాలి. కొన్ని మూటలు ఫైళ్ళను ఎక్కడ పడితే అక్కడ చల్లుతాయి. తర్వాత రీడ్‌మీ, ఇన్‌స్టాల్ అనే ఫైళ్ళు మొదటి నుంచి చివరి దాకా చదవాలి. గ్యారంటీ లేని సాఫ్ట్‌వేరులో రచయిత మనతో మాట్లాడేది అక్కడే.

చాలా మూటల్లో 'కాన్ఫిగర్' అనే స్క్రిప్టు ఉంటుంది. ఒకప్పుడు యునిక్స్ ఒకటి కాదు, అనేకం. స్ట్రింగులో ఒక అక్షరాన్ని వెతికే ఫంక్షన్‌ను బీఎస్‌డీ యునిక్స్ ఒక పేరుతో పిలిస్తే సిస్టమ్ ఫైవ్ ఇంకో పేరుతో పిలిచేది. స్పార్క్ ప్రాసెసర్ సంఖ్యలో పెద్ద బైటును ముందు దాస్తే, ఇంటెల్ చిన్న బైటును ముందు దాస్తుంది. కాన్ఫిగర్ చేసేదేమిటంటే, బుల్లి బుల్లి ప్రోగ్రాములు రాసి, వాటిని కంపైల్ చేయడానికి ప్రయత్నించి, ఏది నెగ్గిందో ఏది ఓడిందో చూసి ఈ యంత్రం స్వభావం తెలుసుకోవడం. ఆ ఫలితాల ప్రకారం 'మేక్‌ఫైలు' రాసిపెడుతుంది.

తర్వాత 'మేక్'. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దీన్ని రాశారు. ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో, ఏది ఎప్పుడు మారిందో చూసి అవసరమైనంత మేరకే పని చేస్తుంది. నిన్న రుబ్బిన పిండి బాగుంటే ఇవాళ దోసె కోసం మళ్ళీ రుబ్బం కదా, మేక్ లెక్క కూడా అంతే. ఏమీ చేయకుండా ఏం చేయబోతోందో మాత్రం చెప్పమని కూడా దాన్ని అడగవచ్చు. కొత్త ప్రోగ్రాము విషయంలో ఆ అలవాటు మంచిది.

ఇక్కడే పాత కోడు మొరాయిస్తుంది. పాత సీ భాషలో ఒక ఫంక్షన్‌ను ముందుగా ప్రకటించకుండానే పిలవవచ్చు. అది మామూలు పూర్ణాంకం తిరిగిస్తుందని కంపైలర్ అనుకునేది. అప్పటి 32 బిట్ల యంత్రాల్లో పూర్ణాంకం, మెమరీ చిరునామా ఒకే పరిమాణంలో ఉండేవి కాబట్టి పని గడిచిపోయేది. ఇప్పటి 64 బిట్ల యంత్రంలో చిరునామా పూర్ణాంకానికి రెట్టింపు. సగం చిరునామా కత్తిరించుకుపోయి ప్రోగ్రాము నడుమ కూలిపోతుంది. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్ ఇలాంటి రాతను హెచ్చరికతో వదిలిపెట్టకుండా తప్పుగానే లెక్కిస్తోంది. దాని నోరు నొక్కే ఐచ్ఛికాలు ఉన్నాయి గానీ వాడవద్దు. చాలాసార్లు సరైన హెడర్ ఫైలు పేరు ఒక్క లైనులో చేరిస్తే తీరిపోయే లోపం అది. ఆ ఒక్క లైను చేర్చిన క్షణం నుంచి ఆ ప్రోగ్రాముకు మీరూ ఒక సంరక్షకులే.

తర్వాత 'మేక్ చెక్' ఉంటే నడిపించి, ఫలితం సరిగా ఉందో చూసి, అప్పుడు అమర్చాలి. అదీ వ్యవస్థ డైరెక్టరీల్లో కాదు, మీ సొంత హోమ్ డైరెక్టరీలో ఓ మూల. కాన్ఫిగర్‌కు 'ప్రిఫిక్స్' చెబితే అక్కడికే వెళుతుంది. ఈ పనిలో ఏ దశలోనూ రూట్ అధికారం అవసరం లేదు. నచ్చకపోతే ఆ డైరెక్టరీ తీసేస్తే చాలు, మిగతా యంత్రానికి ఏమీ కాదు.

నమ్మకం ఎంతవరకు?

చెక్‌సమ్ సరిపోయిందంటే ఫైలు దారిలో చెడిపోలేదని అర్థం. డిజిటల్ సంతకం సరిపోయిందంటే ఫలానా తాళంచెవి ఉన్నవారే పంపారని అర్థం. ఆ పంపినవారు మంచివారా కాదా అన్నది రెండూ చెప్పలేవు. యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లోనే ఇంకా లోతైన సంగతి చూపించారు. కంపైలర్లోనే దొంగ కోడు దాచి, మూలంలో దాని ఆనవాలు లేకుండా చేయవచ్చని నిరూపించారు.

2024 మార్చిలో ఇది పాఠ్యపుస్తకం దాటి బయటికి వచ్చింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరు దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాని లైబ్రరీ చాలాకాలం పబ్లిక్ డొమైన్‌గానే నడిచింది. భారమంతా ఒకే ఒక్క సంరక్షకుడి మీద ఉండేది. మారుపేరుతో వచ్చిన ఒకరు ఏళ్ళ తరబడి సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరకు దొంగ దారి చొప్పించారు. హానికరమైన కోడు పరీక్ష ఫైళ్ళలో దాగి ఉంది. దాన్ని బయటికి లాగే స్క్రిప్టు విడుదల చేసిన మూటలోని కాన్ఫిగర్ యంత్రాంగంలో మాత్రమే ఉంది, బహిరంగ కోడు భండారంలో లేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ వెళ్ళి పట్టుకున్నారు. మూలం తెరిచి ఉంది కాబట్టే ఆయన అంత దూరం వెళ్ళగలిగారు. అంతవరకు ఎవరూ చూడకపోవడమూ నిజమే. తెరిచి ఉండటం అవకాశం మాత్రమే ఇస్తుంది. చూసే కళ్ళు మనవి కావాలి.

పూచీ మనదే

అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థలో రాబ్ మెకూల్ రాసిన వెబ్ సర్వర్ పబ్లిక్ డొమైన్ ప్రోగ్రాము. 1994లో ఆయన ఆ సంస్థ వదలడంతో పని ఆగింది. దాన్ని వాడుతున్న వెబ్‌మాస్టర్లు ఎవరికి వారే దిద్దుబాట్లు చేసుకుంటున్నారు. కొందరు కలిసి ఆ దిద్దుబాట్లను ఒకచోట చేర్చి 1995 ఏప్రిల్‌లో 'అపాచీ' పేరుతో విడుదల చేశారు. ఏడాది తిరక్కుండానే ప్రపంచంలో ఎక్కువగా వాడే వెబ్ సర్వర్ అయింది. రచయిత వదిలేసిన ప్రోగ్రాముకు వాడేవాళ్ళే దిక్కయ్యారు.

మన దగ్గర ఆ శక్తి లేదనడానికి వీల్లేదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ కోసం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం విద్యార్థులను కూడగట్టింది. జంటనగరాల్లో, జిల్లాల్లో లెక్కలేనన్ని ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. ప్రతి ప్రయోగశాలలోనూ విద్యార్థి ఏడాదికి ఒక్క పాత ప్రోగ్రామునైనా మూలం నుంచి అమర్చి, అడ్డొచ్చిన లోపాన్ని దిద్ది, ఆ దిద్దుబాటును 'ప్యాచ్'గా రచయితకు పంపాలని నా కోరిక. లారీ వాల్ 1985లో 'ప్యాచ్' ప్రోగ్రాము రాసింది ఇందుకే: మారిన లైన్లు మాత్రం పంపితే ఎవరైనా తమ ప్రతిని దిద్దుకోవచ్చు. ఏ మార్పు ఎందుకు చేశారో నాలుగు ముక్కలు తెలుగులో రాసి మూలంతోపాటు దాస్తే తర్వాతి బ్యాచి అక్కడి నుంచి మొదలుపెడుతుంది.

తెలుగు కోసం ఫాంటో, నిఘంటువో, లిపి మార్పిడి ప్రోగ్రామో రాసేవారికి ఇంకో విన్నపం. మూలం బయటపెట్టండి. లైసెన్సు ఫైలులో ఒక్క పేరాలో స్పష్టంగా మీ ఉద్దేశం రాయండి. హక్కు పూర్తిగా వదులుకోదలిస్తే ఆ మాటా రాయండి. లైసెన్సు లేని కోడును చట్టప్రకారం ఎవరూ ముట్టుకోలేరు, మీకెంత మంచి మనసున్నా సరే. రేపు మీకు తీరిక లేకపోవచ్చు, ఉద్యోగం మారవచ్చు. మీరు రాసిన ప్రోగ్రాము మాత్రం ఇంకెవరి చేతిలోనో నడుస్తూనే ఉండాలి.